కొలరాడో ఇసుక కొండల్లో నాయనతో మూడు రోజులు

"ఇసుక చూడ్డానికి నాలుగు గంటలు కార్లో పోయేదేంది పాపా? మనకాడ లేని ఇసుకనా?"

గ్రేట్ శాండ్ డ్యూన్స్ నేషనల్ పార్కుకు పోదామని నేనన్నప్పుడు మా నాయన మొదట అన్న మాట ఇది. ఆయన అలా అనడంలో న్యాయం ఉంది. మాది అనంతపురం జిల్లా కణేకల్లు వైపు, హగరి ఒడ్డున ఒక చిన్న ఊరు. హగరి అంటే వేదవతి నది, పోయి తుంగభద్రలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పారేది నీళ్ళు కాదు, గాలికి లేచే ఇసుక. ఆషాఢం గాలులు మొదలైతే ఏటిలోని ఇసుక ఒడ్డు దాటి పొలాల మీదికి వస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో అలా ఇసుక మేట వేసి సేద్యానికి పనికిరాకుండా పోయిన భూములు చాలా ఉన్నాయి. మా ఎకరంన్నర కూడా అందులో ఒకటి. గట్టు మీద కంప నాటీ నాటీ ఓడిపోయిన మనిషిని ఇసుక చూడ్డానికి రమ్మని పిలిచాను నేను.

అయినా తీసుకెళ్ళాలనే నా పట్టు. అమెరికాలో డెన్వర్‌కు వచ్చిన ఈ ఎనిమిదేళ్ళలో నేను అక్కడికి మూడుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ నాయనే గుర్తొచ్చాడు.

బుధవారం

జూన్ మొదటి వారం. బళ్ళకు సెలవులిచ్చేశారు. శని, ఆదివారాల్లో అయితే పార్కు గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి కాబట్టి వారం మధ్యలో పెట్టుకున్నాం. పొద్దున ఏడింటికి ఆరుగురం బయల్దేరాం: నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప, అమ్మ, నాయన. డబ్బాల్లో చిత్రాన్నం, చపాతీలు, చెనిక్కాయల పొడి. డిక్కీలో చలికాలం పిల్లలు మంచు మీద జారడానికి కొన్న ప్లాస్టిక్ స్లెడ్ కూడా పెట్టాం. దాని సంగతి తర్వాత చెప్తాను.

వాల్సెన్‌బర్గ్ దాకా దక్షిణానికి హైవే. అక్కడ పడమరకు తిరిగి, 9,400 అడుగుల ఎత్తున్న లా వీటా కనుమ దాటితే శాన్ లూయిస్ లోయలోకి దిగుతాం. లోయ అంటున్నానే గానీ బల్ల పరుపుగా, చూపు ఆనినంత మేరా మైదానం. కుడివైపు బ్లాంకా శిఖరం, పద్నాలుగు వేల అడుగులు దాటిన కొండ, జూన్‌లో కూడా నెత్తిన మంచుతోనే ఉంది. కారు ఉత్తరానికి తిరిగాక దూరంగా కనబడ్డాయి దిబ్బలు. సాంగ్రె డి క్రిస్టో కొండల పాదాల దగ్గర కళ్ళంలో రాశి పోసినట్టు లేత గోధుమరంగులో చిన్నగా ఉన్నాయి.

"అదేనా?" అన్నాడు నాయన.

"దగ్గరికి పోనీ నాయనా."

పావుగంట పోయినా ఇంకా దగ్గరికి రాలేదు. పెరుగుతూనే ఉన్నాయి. ఆ రాశి మీద చీమల్లా కదిలేవి మనుషులని బాబు చెప్పినప్పుడు నాయన కారు అద్దం దించి తల బయటికి పెట్టాడు. ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు.

మేం వెళ్ళినప్పుడు కారుకు 25 డాలర్లు తీసుకున్నారు, ఆ రసీదు వారం రోజులు చెల్లుతుంది. లోపల విజిటర్ సెంటర్‌లో మేం మొదట చేసిన పని అమ్మ కోసం కుర్చీ తీసుకోవడం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పది అడుగులేస్తే కూర్చోవాలి. ఇక్కడ ఇసుకలో నడిచే వీల్‌చైర్లు ఉంటాయి. బుగ్గల్లా ఉబ్బిన పెద్ద పెద్ద మెత్తటి టైర్లు, ఇసుకలో దిగబడవు. అద్దె లేదు, ముందే ఫోన్ చేసి చెప్పుకుంటే మంచిది. వెనకనుంచి తోసే మనిషికి బలం ఉండాలి, అంతే. ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలియాలి. "మీరు పోయి చూసి రండి, నేను కార్లో కూచుంటా" అనే మాట మా అమ్మ నోట వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది. ఆ రోజు ఆ మాట రాలేదు.

మేం చేరేసరికి పన్నెండు దాటింది. ఆ వేళ దిబ్బలెక్కకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం ఇక్కడ పైఇసుక వేడి 65 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. 8,200 అడుగుల ఎత్తు కదా, గాలి చల్లగా తగులుతుంది, దాంతో మోసపోతాం. అందుకని మధ్యాహ్నం మొత్తం వాగులోనే గడిపాం.

దిబ్బలకూ కార్లు ఆపే చోటుకూ మధ్య పారేది మెడానో వాగు. కొండల మీద మంచు కరిగితే వచ్చే నీళ్ళు. మే చివర, జూన్ మొదట్లో నిండుగా ఉంటుంది, ఎండాకాలం ముదిరేకొద్దీ ఇసుకలో ఇంకి మాయమైపోతుంది. లోతు చీలమండ దాకా, ఎక్కడో ఒకచోట పిక్కల దాకా. వెడల్పు మాత్రం మన ఏరంత. కానీ దీనికో వింత ఉంది. నీళ్ళు సన్నగా పారుతూ పారుతూ ఉన్నట్టుండి అల వస్తుంది. సముద్రం లేదు, గాలి లేదు, అల మాత్రం వస్తుంది. వాగు అడుగున ఇసుక నీళ్ళ ఒరవడికి చిన్న చిన్న గట్లుగా లేస్తుంది, గట్టు వెనక నీళ్ళు నిలుస్తాయి. బరువు ఆపలేక గట్టు తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ముందుకు దూకుతాయి. మళ్ళీ గట్టు, మళ్ళీ తెగడం. పిల్లలు అల వచ్చినప్పుడల్లా కేకలేస్తూ అందులో పడి దొర్లారు.

అమ్మ కాసేపు కుర్చీలోంచే కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని చూసింది. తర్వాత "నన్ను దించండి" అంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తడి ఇసుకలో చతికిలబడింది. పాపను పిలిచి, దాని కుడి పాదం మీద ఇసుక పోసి, అరచేత్తో తట్టి తట్టి గట్టిపరిచింది. "ఇప్పుడు కాలు మెల్లగా తీయి, ఊపిరి బిగబట్టి" అంది. పాప నాలుక బయటపెట్టి ఒక్కో వేలే వెనక్కి లాగింది. పిచ్చుక గూడు నిలబడింది. లోపల పాప పాదం ఆకారం, వేళ్ళ దగ్గర చిన్న చిన్న గుంతలు. "ఇందులోకి పిచ్చుకలు వస్తాయా అవ్వా?" అని పాప వంగి చూస్తుండగానే అల వచ్చి దాన్ని కరిగించుకుపోయింది. మళ్ళీ కట్టారు. చుట్టుపక్కల ప్లాస్టిక్ బకెట్లతో కోటలు కడుతున్న పిల్లలు నలుగురు వచ్చి అమ్మ ముందు కాళ్ళు చాపారు. అమ్మకు ఇంగ్లీషు రాదు. వరసగా ఒక్కొక్కరి కాలి మీద ఇసుక పోసి తట్టింది.

సాయంత్రం ఆరు దాటాక దగ్గర్లోని చిన్న దిబ్బ మీద మా స్లెడ్ వేసి చూశాం. కదల్లేదు. బాబు ఎంత తోసినా ముక్కు ఇసుకలో గుచ్చుకుని ఆగిపోయింది. పొడి ఇసుక మీద మంచు స్లెడ్లు, అట్టముక్కలు పనిచేయవు. ఇసుక కోసమే తయారుచేసిన, అడుగు బాగా నున్నగా ఉండే బోర్డులు కావాలి, వాటికి మైనం రుద్దుకుంటూ ఉండాలి. పార్కువాళ్ళు ఇవ్వరు, గేటు బయట షాపులోగానీ అలమోసా ఊళ్ళోగానీ అద్దెకు దొరుకుతాయి. చీకటి పడేలోపు ఒకటి తెచ్చుకుని, ముప్పావుగంట దూరంలో ఉన్న అలమోసాకు వెళ్ళి మోటల్‌లో పడుకున్నాం.

గురువారం

తెల్లవారి నాలుగున్నరకు లేచాం. ఆరింటికి వాగు దగ్గరున్నాం. నీళ్ళు కాళ్ళు కొరికేంత చల్లగా ఉన్నాయి. మా ఆయన అమ్మతో, పాపతో కిందే ఉండిపోయాడు. నేను, నాయన, బాబు హై డ్యూన్‌కు బయల్దేరాం. మొదటి వరసలో కనబడే ఎత్తయిన దిబ్బ అది, కింది నుంచి సుమారు 700 అడుగులు. పోయి రావడానికి రెండున్నర మైళ్ళు, రెండు గంటలు చాలంటారు. మాకు మూడున్నర పట్టింది.

దారి అంటూ ఏదీ ఉండదు. ఎవరి అడుగులు వాళ్ళవే, రాత్రి గాలికి అవీ చెరిగిపోతాయి. నేను నిట్టనిలువు ముఖం మీద ఎక్కబోయాను. రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారుతున్నాను. నాయన చెప్పులు చేత్తో పట్టుకుని పక్కకు పోయి, దిబ్బ వెన్ను పట్టుకున్నాడు.

"గాలి కొట్టేపక్క ఇసుక గట్టిగా ఉంటాది పాపా. ఆపక్క కాలేస్తే మునుగుతాది. ఈ గీతలు చూడు, గాలి ఎట్నుంచి వస్తాందో చెప్తాయి."

ఇసుక మీద వేళ్ళతో దువ్వినట్టున్న అలల గీతలు చూపించాడు. నేను మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ రొప్పుతూ ఎక్కిన దిబ్బను అరవై ఆరేళ్ళ మనిషి మొదటిసారే అంత తేలిగ్గా చదివేశాడు. డెన్వర్‌లో రెండు నెలలున్నాడు కాబట్టి ఎత్తుకు కూడా అలవాటు పడ్డాడు. మైదానం నుంచి నేరుగా వచ్చేవాళ్ళు మాత్రం మొదటి రోజే ఇంత ఎక్కకండి, తలనొప్పి వస్తుంది.

సగం దూరంలో కూర్చున్నప్పుడు బాబు జేబులోంచి అయస్కాంతం తీశాడు. మా ఫ్రిజ్ తలుపుకు అంటించేదే. అక్కడక్కడా ఇసుక మీద నల్లటి చారలుంటాయి, ఎవరో బొగ్గుపొడి చల్లినట్టు. అది మాగ్నటైట్, ఇనుప ఖనిజం. బాబు అయస్కాంతం ఆడిస్తే నల్లటి రేణువులు లేచి ముళ్ళపందిలా నిక్కబొడుచుకున్నాయి. నాయన దాన్ని ఎంతసేపు చూశాడో. వేలితో నిమిరాడు, మళ్ళీ నిక్కబొడుచుకున్నాయి. చివరికి అన్నీ దులిపి ఎక్కడివక్కడే వదిలేశాం.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను అనుకోనిది. దిబ్బ వెన్ను మీదే మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టాడు. మా ఊళ్ళో వేసవిలో ఏట్లో చెలమ తీసినట్టే. పైన నాలుగు వేళ్ళ మందం పొడి ఇసుక జలజలా జారింది. దాని కింద రంగు మారింది. ముదురు గోధుమరంగు, చేత్తో పట్టి పిసికితే ముద్ద కట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"తడి! ఇంత మిద్దెలంత ఎత్తులో తడి ఉండాది పాపా!"

నిజమే, ఈ దిబ్బలు లోపలంతా తడిగానే ఉంటాయి. పైపొర మాత్రమే ఎండి గాలికి ఎగురుతుంది. వాన, మంచు తక్కువే అయినా పడిన తేమ లోపల నిలిచిపోతుంది. నేను ఇది ఎప్పుడో చదివాను గానీ, మూడుసార్లు వచ్చీ ఒక్కసారి కూడా చేయి పెట్టి చూడలేదు. "లోపల తడి ఉండేదానికే ఇంత ఎత్తు నిలబడింది" అన్నాడు నాయన, తీసిన గుంతను మళ్ళీ పూడుస్తూ.

పైకి చేరేసరికి ఎనిమిది. అవతల ఇంకా దిబ్బలు, వాటి వెనక దిబ్బలు, దాదాపు 30 చదరపు మైళ్ళు. పడమరగా స్టార్ డ్యూన్, 741 అడుగులు. ఉత్తర అమెరికాలో ఇంతకన్నా ఎత్తయిన ఇసుక దిబ్బలు లేవు. ఇంత ఇసుక ఇక్కడే ఎందుకు పోగయిందో నాయన అడిగాడు, నాకు తెలిసింది చెప్పాను. ఈ లోయలో ఒకప్పుడు పెద్ద సరస్సుండేది. అది ఎండిపోయాక మిగిలిన ఇసుకను నైరుతి గాలి ఎత్తి తెచ్చి, వంపు తిరిగిన ఈ కొండల మూలలో పడేస్తుంది. కొండ దాటించలేదు. తుఫాను రోజుల్లో కనుమల్లోంచి ఈశాన్యపు గాలి ఎదురు కొడుతుంది. రెండు గాలులూ రెండు పక్కల నుంచి తోస్తుంటే ఇసుక పక్కకు పోలేక పైకి లేస్తుంది. అంచుకు పోయిన ఇసుకను మెడానో వాగు, అవతల శాండ్ క్రీక్ అనే ఇంకో వాగు కలిసి మళ్ళీ గాలి దారిలోకి మోసుకొచ్చి పడేస్తాయి. గాలి మళ్ళీ ఎత్తుతుంది.

"మనకు ఎదురుగాలి లేదు, అడ్డం కొండ లేదు. అందుకే పొలాల మిందికొచ్చె" అన్నాడు. ఆ మాటలో బాధ లేదు. ఎన్నాళ్ళనుంచో అడుగుతున్న ప్రశ్నకు ఎవరో జవాబు చెప్పినట్టుంది.

బాబు జారడం మొదలుపెట్టాడు. బోర్డు మీద కూర్చుని, మోకాళ్ళు కొంచెం మడిచి, ఒళ్ళు వెనక్కి వాల్చాలి. ముందుకు వంగితే ముక్కు గుచ్చుకుని బోర్లా పడతాం. కింద మనుషులు లేరని చూసుకోవాలి, గడ్డి మొలిచిన చోట జారకూడదు. మూడోసారికి వాడికి పట్టు దొరికింది. బాణంలా పోయి, కిందెక్కడో చిన్న చుక్కయి, రెండు చేతులూ ఊపాడు. కేక మాకు ఆలస్యంగా వినబడింది. నేనూ రెండుసార్లు జారాను. గాలి చెవుల్లో రొద పెడుతుంది, కడుపులో ఖాళీ అవుతుంది, అంతలో అయిపోతుంది. పది క్షణాల ఆనందం కోసం పదిహేను నిమిషాలు ఎక్కాలి. అయినా మళ్ళీ ఎక్కుతాం.

నాయన బోర్డు వద్దన్నాడు. నిట్టనిలువు ముఖం మీద పెద్ద పెద్ద అంగలేస్తూ దిగాడు. నాలుగో అంగకు ఇసుక పలకలా ఆయనతో పాటే జారింది, జారుతూ మూలిగింది. సన్నగా కాదు, పాత లారీ ఇంజన్ దూరంగా నడుస్తున్నట్టు లోతుగా. కాళ్ళలోంచి తెలిసేంత చప్పుడు. ఆయన ఆగిపోయాడు, చప్పుడూ ఆగింది. మళ్ళీ కాలు కదిపాడు, మళ్ళీ వచ్చింది.

"ఏంది పాపా ఇది? ఇసుక అరుస్తాండాది!"

జారే రేణువులు ఒకదానికొకటి రాసుకుంటే, మధ్యలో గాలి కదిలితే ఈ మోత పుడుతుందట. పుట్టినప్పటి నుంచి ఇసుకతో బతికిన మనిషికి అది ఎప్పుడూ వినని గొంతు. కిందికి చేరేదాకా ఆగుతూ, కదులుతూ వింటూనే ఉన్నాడు.

తొమ్మిదిన్నరకే ఇసుక వేడెక్కింది. మేం వాగు దాటుతుంటే కొందరు హవాయి చెప్పులతో ఎదురొచ్చారు. మా ఆయన ఆపి, బూట్లు వేసుకుని రమ్మని చెప్పాడు. ఒకరిద్దరు విన్నారు. గంట తర్వాత ఒక తండ్రి ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని వాగులోకి పరిగెత్తుకుంటూ వచ్చాడు, బిడ్డ అరికాళ్ళు ఎర్రగా కందిపోయాయి. దయచేసి మూసి ఉండే బూట్లు వేసుకోండి, పెద్దలకైనా పిల్లలకైనా. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు మొదలైతే ఒక్క నిమిషం కూడా పైన ఉండొద్దు. ఆ బోడి దిబ్బ మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మనిషే.

మధ్యాహ్నం విజిటర్ సెంటర్ నీడలో చిత్రాన్నం తిన్నాం. అక్కడ తెలుసుకున్న ఒక విషయం నాయనకు తెలుగులో చెప్పాను. 1920లలో కొందరు ఈ దిబ్బల్లో బంగారం తవ్వాలని, ఇసుకను కాంక్రీటుకు తోడుకుపోవాలని చూశారు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ సంఘాలవాళ్ళు ఊరుకోలేదు. దీన్ని కాపాడాలని ప్రభుత్వం వెంటపడ్డారు. 1932లో జాతీయ స్మారకంగా ప్రకటించారు, 2004లో నేషనల్ పార్కు అయింది. నాయన చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. మన ఏర్లలో రాత్రంతా తిరిగే ఇసుక లారీలు గుర్తొచ్చి ఉంటాయి. "ఆడోళ్ళా!" అని అమ్మ మాత్రం రెండుసార్లు అంది.

సాయంత్రం గాలి లేచింది. పిక్కల మీద ఇసుక సూదుల్లా గుచ్చుకుంది. నాయన తువ్వాలు తీసి బాబు ముఖానికి కళ్ళు మాత్రం కనబడేలా కట్టాడు, మా చిన్నప్పుడు మాకు కట్టినట్టే. ఎదురుగా దిబ్బల కొనల మీద ఇసుక పొగలా లేస్తోంది. పొద్దు వాలేకొద్దీ ఒక్కో దిబ్బ ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క నల్లగా కత్తి అంచులా విడిపోయింది. ఫోటోలు తీశాను గానీ అందులో ఏమీ రాలేదు.

పార్కు రాత్రంతా తెరిచే ఉంటుంది. 2019లో దీన్ని చీకటి ఆకాశాల పార్కుగా, అంటే దీపాల వెలుగు అడ్డం లేకుండా చుక్కలు బాగా కనబడే చోటుగా గుర్తించారు. పదిన్నరకు, గాలి పడిపోయాక, వాగు ఒడ్డున దుప్పటి పరిచి పడుకున్నాం. దోమలున్నాయి, ఒళ్ళంతా మందు రాసుకున్నాం. పాలపుంత తూర్పు కొండల మీదుగా లేచింది. పిల్లలు దాన్ని మబ్బనుకున్నారు. అమ్మ సప్తర్షులను చూపించి, "అది ముసలవ్వ మంచం, ఆ మూడు దొంగలు" అని కథ మొదలుపెట్టింది. నేను డెన్వర్‌లో ఎనిమిదేళ్ళుగా పిల్లలకు చెప్పలేకపోయిన కథ. చెప్పాలంటే ముందు చుక్కలు కనబడాలి కదా.

శుక్రవారం

పిల్లలను ఎనిమిది దాకా నిద్రపోనిచ్చాం. బోర్డు తిరిగిచ్చేసి, పోయే దారిలో జపాటా జలపాతానికి ఎక్కాం. మూడు మైళ్ళ కంకరరోడ్డు, కారు కుదుపులకు అమ్మ దేవుడి పేర్లన్నీ తలుచుకుంది. పైన కారు ఆపి అర మైలు నడిచాక, గడ్డకట్టే నీళ్ళలో రాళ్ళ మీద జాగ్రత్తగా పోతే గుహలాంటి చీలికలో జలపాతం ఉంటుంది. మా ఆయన, బాబు పోయి వణుకుతూ వచ్చారు. మేం పోలేదు.

మేం కారు దగ్గరే నిలబడ్డాం, ఎందుకంటే అక్కడి నుంచి దిబ్బలు మొత్తం కనబడతాయి. కింద లోయ, ఆ మూల కొండల ఒడిలో ఇసుక. మొదటి రోజు చూసినట్టే మళ్ళీ చిన్న రాశి. నాయన నా ఫోన్ తీసుకుని ఊళ్ళో మా చిన్నాయనకు వీడియో కాల్ చేయమన్నాడు. అక్కడ రాత్రి పది కావస్తోంది. చిన్నాయన ఆరుబయట మంచం మీద పడుకుని ఉన్నాడు.

"ఇది చూడప్పా" అని నాయన ఫోన్ అటు తిప్పాడు. "ఇసుకే. పిల్లోళ్ళు దీని మింద జారతాండారు. లోపల తడి ఉండాది, చెలమ తీసి చూసినా."

చిన్నాయన కాసేపు తెరకు దగ్గరగా జరిగి చూశాడు. "అంత ఎత్తు యాడిదన్నా?" అన్నాడు. ఆయన వెనక ఏదో చప్పుడవుతోంది, తడిక కొట్టుకుంటున్నట్టు.

నాయన ఫోన్ తన వైపు తిప్పుకున్నాడు. "మనకాడ గాలి మొదలైనాదా?"

"మొన్నట్నుంచి తోల్తాంది" అన్నాడు చిన్నాయన.